ఇరుసు మానదు, ఎముక మానును

పల్నాడు జిల్లాలోని ముప్పాళ్ళ ఒక మండల కేంద్రము. సత్తెనపల్లి, నరసరావుపేట దానికి దగ్గరి పట్టణములు. ఇట్టి ఊళ్ళలో వేకువజామున రోడ్డు వెంట పరుగెత్తు యువతీయువకులు ఉపాధ్యాయులందరికి పరిచితులే. వీరిలో కొందరు పోలీసు కానిస్టేబులు ఎంపికలోని 1600 మీటర్ల పరుగునకు సిద్ధపడుచుందురు. కొందరు సైన్యములో అగ్నివీరుల ఎంపికకు పెట్టు 1.6 కిలోమీటర్ల పరుగునకు సాధన చేయుచుందురు. అంతటితో తృప్తిపడక, హైదరాబాదు, విశాఖపట్టణము వంటి నగరములలో జరుగు మారథాన్ పరుగులో పాల్గొనవలెనని ఉవ్విళ్ళూరువారును కలరు.

ఎంపిక తేదీ వెలువడిన మరునాటి నుండియే సాధన మొదలగును. నిన్నటి వరకు పరుగెరుగనివాడు నేడు ఐదు కిలోమీటర్లు పరుగెత్తును. కొన్ని వారములు గడచునప్పటికి మోకాటి క్రింద ముందువైపు ఎముకపై సన్నని నొప్పి తలయెత్తును. "ఓర్చుకొని పరుగెత్తుము, అదే పోవును" అని ఒక మిత్రుడు చెప్పును. "పూర్తిగా మానుకొని పడుకొనుము" అని మరొకడు చెప్పును. ఒకరి మాట వినిన కాలు పోవునేమో, మరొకరి మాట వినిన ఉద్యోగము పోవునేమో అను సందేహములో కుర్రవాడు చిక్కుకొనును. ఈ సందేహమును తీర్చుటకు వైద్యశాస్త్రమునకు నూరేండ్లకు పైగా పట్టినది. ఆ చరిత్ర తెలిసినచో ఏ నొప్పిని ఓర్చుకొనవచ్చునో, ఏ నొప్పికి తలవంచవలెనో కూడ తెలియును.

మారథాన్: కాళ్ళకు పెట్టిన లెక్క

మారథాన్ పందెము మొదటిసారి 1896లో ఏథెన్సు ఒలింపిక్ క్రీడలలో జరిగినది. అప్పటి దూరము సుమారు 40 కిలోమీటర్లు. గ్రీసు దేశీయుడగు స్పిరిడాన్ లూయీ అందు విజేత. 1908లో లండనులో జరిగిన పందెపు దూరము 42 కిలోమీటర్ల 195 మీటర్లు. 1921లో ఆ దూరమునే అంతర్జాతీయ అథ్లెటిక్ సంఘము ప్రమాణముగా స్వీకరించెను. భారతీయులకును ఈ పందెముతో పాత పరిచయమే కలదు. 1920లో ఆంట్వెర్పు ఒలింపిక్సులో చౌగులే అను మన దేశీయుడు 19వ స్థానము పొందెను. 1976లో మాంట్రియల్ ఒలింపిక్సులో శివనాథ్ సింగు 11వ స్థానము పొందెను.

ఈ దూరమును కాళ్ళ వైపు నుండి ఒకసారి లెక్కింతము. అడుగునకు సుమారు ఒక మీటరు చొప్పున మారథాన్‌లో 42 వేల అడుగులు పడును. అనగా ఒక్కొక్క పాదము 21 వేల సార్లు నేలను తాకును. పరుగెత్తునప్పుడు పాదముపై పడు బలము దేహపు బరువునకు రెండు మూడు రెట్లుండును. 60 కిలోల బరువుగల యువకుని పాదము ప్రతి అడుగునకు 120 నుండి 180 కిలోల బరువును మోయుచున్నదన్నమాట. ఇది పందెము నాటి మాట మాత్రమే. సాధన చేయు నెలలలో ఈ లెక్క లక్షలను దాటును. ఒక్క దెబ్బతో ఏ ఎముకయు విరుగదు. కాని చిన్న దెబ్బలు లక్షలు కలిసిన ఏమగును? ఈ ప్రశ్న మొదట క్రీడారంగములో పుట్టలేదు. సైన్యపు కవాతులో పుట్టినది.

సైనికుల వాచిన పాదము

1855లో ప్రష్యా సైన్యమునకు చెందిన బ్రైట్‌హౌప్ట్ అను వైద్యుడు ఒక విచిత్రమైన వ్యాధిని వర్ణించెను. దూరపు కవాతులు చేసిన యువసైనికుల పాదములు వాచి నొప్పి పెట్టుచుండెను. వారు ఎక్కడను పడలేదు. వారికి ఏ దెబ్బయు తగులలేదు. పాదమును తడిమి చూచిన విరుగుడు జాడ ఏదియు కనబడలేదు. కనుక ఇది ఎముకకు చుట్టునున్న మెత్తని భాగములకు వచ్చిన వాపని ఆయన భావించెను. ఆనాటి వైద్యుని చేతిలో కన్ను, చేయి తప్ప వేరు సాధనము లేదు. ఆ పరిమితిలో అంతకు మించి చెప్పుట సాధ్యము కాదు.

నలువది ఏండ్ల తరువాత, 1895 నవంబరులో, జర్మనీలో రాంట్‌జన్ ఎక్సు కిరణములను కనుగొనెను. రెండేండ్లలోనే, 1897లో, స్టెకో అను సైనికవైద్యుడు ఆ కిరణములతో వాచిన పాదములను పరీక్షించెను. కాలివ్రేళ్ళకు వెనుకనుండు సన్నని పొడవాటి ఎముకలలో, అనగా ప్రపాదాస్థులలో, పగుళ్ళు స్పష్టముగా కనబడెను. వాపు పైకి కనబడు లక్షణము మాత్రమే; అసలు జబ్బు ఎముకలోనిది. దీనికి "కవాతు పగులు" అను పేరు స్థిరపడెను. తరువాతి కాలములో పరుగుపందెగాండ్ర కాళ్ళలోను ఇదే జాతి పగుళ్ళు బయటపడినవి. 1958లో ఇంగ్లండులో డెవాస్ అను శస్త్రవైద్యుడు, క్రీడాకారుల ముంగాలి నొప్పికి అంతర్జంఘికలోని పగుళ్ళు కారణము కావచ్చునని వివరించెను. ముప్పాళ్ళ రోడ్డుపై పరుగెత్తు కుర్రవాని నొప్పికిని, ప్రష్యా సిపాయి నొప్పికిని మూలము ఒక్కటే కావచ్చును.

ఇది అరుదైన విషయమని తలంపరాదు. ఇజ్రాయెలు సైన్యములో 295 మంది కొత్త సిపాయిలను శిక్షణకాలమంతయు పరిశీలించి మిల్‌గ్రోమ్, అతని సహచరులు 1985లో ఫలితములను ప్రకటించిరి. వారిలో నూటికి 31 మందికి ఇట్టి పగుళ్ళు ఏర్పడినవి.

రైలు ఇరుసులు చెప్పిన పాఠము

ఈ వ్యాధి స్వభావము అర్థమగుటకు ఒక్క క్షణము వైద్యమును విడిచి యంత్రశాస్త్రము వైపు చూడవలెను. 1842లో ఫ్రాన్సులో వెర్సాయి నుండి పారిసు పోవుచున్న రైలు ఘోర ప్రమాదమునకు గురియైనది. 50 మందికి పైగా మరణించిరి. ఇంజను ఇరుసు విరుగుటయే ప్రమాదమునకు కారణము. అధికభారము మోపకనే గట్టి ఇనుప ఇరుసు ఏల విరిగినదని ఇంజనీర్లు ఆశ్చర్యపడిరి. ప్రష్యా రైల్వేలలో పనిచేసిన ఆగస్టు వోలర్ అను ఇంజనీరు ఈ విషయమును అనేక సంవత్సరములు ప్రయోగములతో పరిశోధించెను. ఒక్కసారికి ఏ హానియు చేయని భారము, లక్షల సార్లు పడినచో లోహములో సన్నని పగులును పుట్టించునని, ఆ పగులు మెల్లగా పెరిగి ఒకనాడు ఇరుసును విరుచునని ఆయన కృషి వలన తేటపడినది. దీనికి "లోహపు అలసట" అని పేరు.

విద్యార్థులు దీనిని తరగతిలోనే చూడవచ్చును. సన్నని ఇనుపతీగను ఒక్కసారి వంచిన విరుగదు. అదే చోట అటునిటు పలుమారులు వంచిన తెగును. కవాతు పగులు కూడ ఇట్టి అలసట పగులే.

అయితే ఇరుసునకు, ఎముకకు ఒక ముఖ్యమైన భేదము కలదు. ఇరుసులో పుట్టిన పగులు పెరుగునే కాని తరుగదు. రాత్రి షెడ్డులో ఉంచినంతమాత్రమున ఇరుసు బాగుపడదు. ఎముకలో పుట్టిన సూక్ష్మమైన పగులు, సమయము చిక్కినచో, మానును. ఇరుసు మానదు, ఎముక మానును. ఈ ఒక్క భేదము మీదనే పరుగుగాయముల చికిత్స అంతయు ఆధారపడియున్నది.

ఎముక రాయి కాదు

ఎముక జీవములేని రాయివంటిదని పూర్వులు తలచెడివారు. 1866 ప్రాంతమున జ్యూరిక్‌లో హెర్మన్ మేయర్ అను శరీరశాస్త్రజ్ఞుడు తొడ ఎముక పైభాగమును కోసి, లోపలి సన్నని ఎముక పలుచల అమరికను చిత్రించెను. కుల్‌మన్ అను ఇంజనీరు ఆ చిత్రమును చూచి, బరువులెత్తు క్రేనులో బలములు ప్రసరించు రేఖలను అది పోలియున్నదని గుర్తించెను. 1892లో బెర్లినునందలి యూలియస్ వోల్ఫ్ దీనిని ఒక సూత్రముగా ప్రకటించెను: ఎముక తనపై పడు భారమునకు తగినట్లు తన నిర్మాణమును మార్చుకొనును. వాడిన ఎముక బలపడును; వాడని ఎముక బలహీనపడును.

ఈ మార్పు ఎట్లు జరుగునను విషయము ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధములో స్పష్టపడినది. అమెరికాలో హెరాల్డ్ ఫ్రాస్టు మొదలగువారు, ఎముకలో రెండు జాతుల కణములు జట్టుగా పనిచేయుచుండునని వివరించిరి. ఆస్టియోక్లాస్టులు దెబ్బతిన్న ఎముకను తొలిచివేయును. ఆస్టియోబ్లాస్టులు ఆ ఖాళీలో కొత్త ఎముకను కట్టును. ఇది పాతగోడను మరమ్మతు చేయుట వంటిది. ముందు పగిలిన ఇటుకలు తీయవలెను, తరువాత కొత్తవి పేర్చవలెను. తీయుటకు సుమారు మూడు వారములు చాలును. పేర్చి గట్టిపడుటకు మూడు నెలల వరకు పట్టును.

అపాయమంతయు ఈ తేడాలోనే ఉన్నది. ఇటుకలు తీసిన తరువాత, కొత్తవి పేర్చకముందు, గోడ తాత్కాలికముగా బలహీనముగా ఉండును. సాధన మొదలిడిన కొన్ని వారములకు నొప్పి పుట్టుటకు ఇది ముఖ్యకారణము. ఆ దశలో పరుగు తగ్గించినచో ఎముక మునుపటి కంటె బలముగా తయారగును. పట్టుదలతో పరుగు పెంచినచో బలహీనమైన చోట పగులు పెరుగును. అంతేకాదు, కండరములు, ఊపిరి కొన్ని వారములలోనే పరుగునకు అలవాటుపడును. ఎముకకు నెలలు కావలెను. "నాకు ఆయాసము లేదు, ఇంకను పరుగెత్తగలను" అని కుర్రవాడు అనుకొనునప్పటికి అతని ఎముక ఇంకను సిద్ధపడియుండదు.

కండరపు నొప్పి వేరు

నొప్పి కలిగినంతనే ఎముక పగిలినదని భయపడనక్కరలేదు. కొత్తగా పరుగెత్తినవారికి మరునాడు, మూడవనాడు తొడలు, పిక్కలు సలుపును. 1902లో అమెరికా శాస్త్రజ్ఞుడు థియొడోర్ హఫ్ ఈ నొప్పిని పరిశీలించి, అలసట వలన వెంటనే కలుగు నొప్పి వేరు, కండరములో కలిగిన సూక్ష్మమైన చిరుగుల వలన ఆలస్యముగా వచ్చు నొప్పి వేరు అని సూచించెను. అయినను, కండరములో లాక్టిక్ ఆమ్లము నిలిచిపోవుటయే ఈ సలుపునకు కారణమని నేటికిని పలువురు చెప్పుచుందురు. పరుగు ముగిసిన గంట సేపటిలో ఆ పదార్థము చాలవరకు తొలగిపోవును. రెండవనాటి నొప్పికి అది కారణము కాజాలదు.

లాక్టిక్ ఆమ్లమునకు ఒకప్పుడు లభించిన ప్రాముఖ్యమును తగ్గించినవారిలో ఒకరు తెలుగువారగుట గమనింపదగినది. 1922వ సంవత్సరపు నోబెల్ బహుమతి కండరశక్తిని గురించి కృషిచేసిన హిల్, మేయర్‌హాఫ్ అను వారికి లభించెను. కండరము లాక్టిక్ ఆమ్లము ఏర్పడుట వలననే సంకోచించునని అప్పటివారు తలంచిరి. భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో ఫిస్కేతో కలిసి, 1927లో కండరమునందలి ఫాస్ఫోక్రియాటిన్ అను శక్తిపదార్థమును ప్రకటించెను. కండరము పనిచేయునప్పుడు ఇది తరుగును, విశ్రాంతిలో తిరిగి చేరును. కండరశక్తి కథ లాక్టిక్ ఆమ్లముతో ముగియదని దీనివలన తేలినది.

కండరపు సలుపును గుర్తించుట సులభము. అది రెండు కాళ్ళలోను, విశాలమైన భాగములో ఉండును. రెండుమూడు రోజులు హెచ్చి, వారము లోపల పోవును. నెమ్మదిగా నడచిన ఉపశమించును. ఎముక పగులు అట్టిది కాదు. అది ప్రాయికముగా ఒకే కాలిలో, ఒకే చోట ఉండును. వ్రేలితో నొక్కిన ఆ చోటనే నొప్పి పెట్టును. పరుగెత్తిన కొలది హెచ్చును. ముదిరినప్పుడు నడకలోను, రాత్రి పడకలోను బాధించును. మొదటి దానిని ఓర్చుకొనవచ్చును. రెండవ దానిని ఓర్చుకొనుట ధైర్యము కాదు.

విశ్రాంతి ఎంత?

ఎముక విరిగినదనగనే తెలుగువారికి పుత్తూరు కట్టు గుర్తునకు వచ్చును. కదలకుండ కట్టి ఉంచుట పురాతనమైన ఉపాయము. క్రీడాగాయములకును చాలకాలము ఇదే సూత్రమును అన్వయించిరి. 1978లో అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్ విశ్రాంతి, మంచు, కట్టు, కాలు ఎత్తి ఉంచుట అను నాలుగు ఉపాయములను ఒక చిన్న సూత్రముగా ప్రచారములోనికి తెచ్చెను. ప్రపంచమంతటను క్రీడాశిక్షకులు దానిని కంఠస్థము చేసిరి. అయితే మంచు, సంపూర్ణ విశ్రాంతి మానుదలను ఆలస్యము చేయవచ్చునని తరువాతి కాలములో మిర్కిన్ తానే తన మాటను సవరించుకొనెను. తాను ప్రసిద్ధి చేసిన సూత్రమును కొత్త ఆధారముల వెలుగులో తానే దిద్దుకొనుట శాస్త్రజ్ఞునికి భూషణము.

ఈ మార్పునకు దోహదము చేసిన ప్రయోగములలో ఒకటి ఆసక్తికరమైనది. స్వీడనులో హోకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ అను శస్త్రవైద్యునికి మడమ పైనున్న టెండన్‌లో, అనగా పిక్క కండరమును మడమ ఎముకకు కలుపు గట్టి తాడులో, తీరని నొప్పి పట్టుకొనెను. శస్త్రచికిత్స చేయుమని ఆయన అడిగినను పై అధికారి అంగీకరింపలేదట. నొప్పిని మరింత పెంచుకొనిన శస్త్రచికిత్స తప్పదని తలంచి, ఆయన మెట్టు అంచున నిలిచి మడమను మెల్లగా క్రిందికి దించు వ్యాయామమును విపరీతముగా చేసెను. నొప్పి పెరుగుటకు బదులు పోయెను! 1998లో ఆయన, సహచరులు ఇట్టి నొప్పిగల 15 మంది పరుగువారిచే 12 వారములు ఈ వ్యాయామము చేయించి, అందరును తిరిగి పరుగెత్తగలిగిరని ప్రచురించిరి. టెండన్‌కు క్రమముగా పెంచిన భారమే మందైనది.

కాని టెండన్‌కు చెల్లిన మాట ఎముక పగులునకు వెంటనే చెల్లదు. పగిలిన ఎముకకు ముందు గడువు కావలెను. భారము తరువాత రావలెను. పాదము, ముంగాలి పగుళ్ళకు సాధారణముగా ఆరు నుండి ఎనిమిది వారములు పరుగు మానవలసియుండును. ఏ భాగమునకు గాయమైనదో తెలియకుండ ఒకే చికిత్సను అన్నిటికి వర్తింపజేయరాదని ఈ చరిత్ర చెప్పుచున్నది.

ముగ్గురు క్రీడాకారులు

అమెరికా పరుగురాలు జోన్ బెనాయిట్‌కు 1984లో ఒలింపిక్ ఎంపిక పందెపు సాధనలో మోకాలు పట్టివేసెను. ఏప్రిల్ 25న చిన్న శస్త్రచికిత్స జరిగినది. 17 రోజులకు, మే 12న, ఎంపిక మారథాన్‌లో ఆమె గెలిచెను. ఆగస్టు 5న లాస్ ఏంజెలిస్‌లో, స్త్రీలకు మొట్టమొదటిసారిగా పెట్టిన ఒలింపిక్ మారథాన్‌లో 2 గంటల 24 నిముషముల 52 సెకనులలో స్వర్ణపతకము సాధించెను. ఇది చదివి ఏ గాయముతోనైనను పదునేడు రోజులలో పరుగెత్తవచ్చునని భావింపరాదు. ఆమె గాయము ఎముక పగులు కాదు. అడ్డుపడిన మెత్తని పొరను వైద్యుడు తొలగించెను.

అలసట పగులునకు దగ్గరి ఉదాహరణము హైదరాబాదులోనే కలదు. 2022 ఆగస్టు 8న బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడలలో పి.వి. సింధు బాడ్మింటన్ స్వర్ణపతకము గెలిచెను. పతకమునకు ముందే, క్వార్టర్ ఫైనల్ నాటికే, ఆమె పాదము నొప్పి పెట్టుచుండెను. హైదరాబాదు చేరి ఎం.ఆర్.ఐ. పరీక్ష చేయించుకొనగా ఎడమ పాదములో అలసట పగులు బయటపడినది. అదే నెలలో టోక్యోలో జరిగిన ప్రపంచ పోటీలను ఆమె వదలుకొనెను. 2023 జనవరిలో కాని తిరిగి అంతర్జాతీయ పోటీలలో అడుగుపెట్టలేదు. ప్రపంచస్థాయి వైద్యము అందుబాటులోనున్న క్రీడాకారిణికే నెలల గడువు అవసరమైనది.

ప్రకాశం జిల్లాలో పుట్టిన పుల్లెల గోపీచంద్ 1994లో పూనా జాతీయ క్రీడలలో మోకాటి లిగమెంట్లు తెగి పడిపోయెను. ఇది అలసట వలన కాక హఠాత్తుగా కలిగిన గాయము. శస్త్రచికిత్సలు, దీర్ఘమైన వ్యాయామము తరువాత 1996లో జాతీయ విజేత అయ్యెను. 2001లో చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండు పోటీని గెలిచెను. గాయమునకు, ఆ విజయమునకు నడుమ ఏడేండ్లు గడచినవి.

పాఠశాలలో గమనింపవలసినవి

ఎముక అలవాటుపడు వేగమును మించి పరుగును పెంచరాదు. వారమునకు నూటికి పది పాళ్ళకు మించి పెంచరాదని ఒక నియమము వ్యాప్తిలోనున్నది. నెదర్లాండ్సులో కొత్తగా పరుగు మొదలిడిన 532 మందిపై జరిపి 2008లో ప్రచురించిన ప్రయోగములో, ఈ నియమము పాటించిన జట్టునకు, పాటింపని జట్టునకు గాయములలో భేదము కనబడలేదు. కనుక పది అను అంకెలో మహిమ లేదు. తన కాలు చెప్పు మాటను వినుటయే ముఖ్యము. ఎంపిక తేదీ వెలువడిన తరువాత కాక, కొన్ని నెలలు ముందుగానే మెల్లని నడక, పరుగులతో మొదలిడుట ఉత్తమము.

ఒకే చోట నొక్కిన నొప్పి పుట్టినచో పరుగును నిలిపి వైద్యునికి చూపవలెను. ఎక్సు కిరణముల చిత్రములో ఏమియు లేదన్నంతనే నిశ్చింత పనికిరాదు. మొదటి రెండు మూడు వారములలో సన్నని పగులు అందు కనబడకపోవచ్చును. నొప్పి తగ్గనిచో మరల పరీక్ష అవసరము. గజ్జలో లోతుగా నొప్పి పుట్టిన వారు ఒక్క అడుగైనను పరుగెత్తరాదు. తొడ ఎముక మెడ భాగములోని పగులు పూర్తిగా విరిగినచో జీవితకాలపు అవిటితనము సంభవింపవచ్చును. నొప్పి మాత్ర మింగి పరుగెత్తుట ప్రమాదఘంటికను మూసివేయుట వంటిది. నొప్పిగల ఎముకపై గట్టిగా మర్దన చేయుటయు తగదు.

పరుగు మానినంతమాత్రమున సాధన మానవలసిన పనిలేదు. నొప్పి లేనిచో వైద్యుని అనుమతితో సైకిలు తొక్కవచ్చును. గుండె, ఊపిరుల బలము నిలుచును. నొప్పి లేకుండ చురుకుగా నడువగలిగిన తరువాత, ఒక నిముషము పరుగు, రెండు నిముషముల నడక చొప్పున తిరిగి మొదలిడవచ్చును. నొప్పి మరల వచ్చినచో ఒక మెట్టు క్రిందికి దిగవలెను.

ఆహారమును మరువరాదు. ఎముక కట్టు కణములకు ఇటుకలు ఆహారము నుండియే రావలెను. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. పాలు, నువ్వులు, ఆకుకూరలు కూడ మేలుచేయును. ఎండ వలన చర్మములో డి విటమిను తయారగును. ఉదయము ఖాళీ కడుపుతో పది కిలోమీటర్లు పరుగెత్తి, పగలంతయు సగము కడుపుతో గడుపువారి ఎముక మానుటకు సరుకు దొరకదు. సాధన చేయు బాలికలకు నెలసరి నిలిచిపోయినచో, అది తిండి చాలలేదనుటకు గుర్తు కావచ్చును. అట్టివారికి ఎముక పగుళ్ళు ఎక్కువ. సిగ్గుపడక తల్లికో, ఉపాధ్యాయినికో, వైద్యునికో చెప్పవలెను.

వ్యాయామోపాధ్యాయుడు, విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడు కలిసి దీనిని ఒక పాఠముగా చెప్పవచ్చును. ఇనుపతీగను వంచి విరిచి చూపుట ఒకరి వంతు. పరుగు దూరమును, నొప్పి పుట్టిన చోటును ప్రతిదినము నోటుపుస్తకములో వ్రాయించుట మరొకరి వంతు. నొప్పి కనబడిన వారమే పుస్తకము చూచి పరుగు తగ్గించినచో, కొన్ని రోజుల నష్టముతో ఎంపిక నాటికి కాలు నిలుచును. అదే నొప్పిని నెలరోజులు దాచినచో ఎంపిక తేదీతో పాటు పరుగును కూడ కోల్పోవలసివచ్చును.